అతుకు వినపడని పని

"ఒక్క కట్ కూడా వినపడలేదండీ" అన్నాడు కొత్త మేనేజరు, దొంగని పట్టుకున్నవాడిలా కుర్చీలో వెనక్కి వాలి.

పదకొండేళ్ళుగా నేనీ రేడియో స్టేషన్లో సౌండ్ ఎడిటర్ని. నా పనికి అంతకన్నా పెద్ద మెప్పు లేదు. కట్ వినపడిందీ అంటే ఆ రోజు నేను పని చెడగొట్టానన్నమాట. కానీ ఈయనగారు మొన్నమొన్నటిదాకా సబ్బుల కంపెనీలో అమ్మకాలు చూసుకుని వచ్చిన మనిషి. ఏది మెప్పో ఏది తిట్టో తెలియకుండానే మేనేజరైపోయాడు. ఏం చేస్తాం, కుర్చీకి నోరుండదు కాబట్టి ఎవరు కూర్చున్నా ఊరుకుంటుంది.

"మీ బావగారి ప్రోగ్రాములు పది వారాలవి కూర్చుని విన్నాను. ఎక్కడా ఆగడం లేదు, తడబడ్డం లేదు. అంత చక్కగా మాట్లాడే మనిషికి ఎడిటింగ్ ఎందుకండీ? వారంలో నాలుగు రోజులు ఆ గదిలో తలుపేసుకుని మీరేం చేస్తున్నట్టు?"

"ఆయన తడబడకుండా చేస్తున్నాను."

నవ్వాడు. "ఆయన్నే అడిగాను లెండి. 'నేను ఒక్క గుక్కలో చెప్పేస్తాను, మా మరదలు ముందో మ్యూజిక్కు ముక్క, వెనకో ముక్క తగిలిస్తుంది' అన్నారు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అందుకని ఈ గురువారం ఒక్కసారి లైవ్ పెట్టి చూద్దాం. బాగా జరిగిందా, వచ్చే నెల నుంచి అంతా లైవే. ఇంక ఎడిటర్ పోస్టుతో పనుండదు. మీరు వేరే చోట చూసుకోవచ్చు."

వేరే చోటట! ఈ ఊరికున్నది ఒక్కటే స్టేషను. నాకు నలభై ఆరేళ్ళు, చేతనైంది ఈ ఒక్క పని. మొగుడా పిల్లలా, ఇంటికెళ్ళి చూసుకోవడానికి? పొద్దున్నే ఆ గదిలోకి వెళ్ళి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాక గానీ నాకు తెల్లారినట్టుండదు. అది పోతే నాకు మిగిలేదేమీ లేదు. ఆ సంగతి ఈ సబ్బుల మనిషికి చెప్పి ఏం లాభం?

మా బావ సంగతి చెప్పాలి. మా అక్క మొగుడు. వారం వారం జనం రాసిన ఉత్తరాలు రేడియోలో చదివి, వాళ్ళ ఇంటి గొడవలకి సలహాలు చెబుతాడు. గొంతు మాత్రం గొంతే, కాదనను. ఊళ్ళో అందరూ ఆయన్ని తేనెగొంతు అంటారు. ఎక్కడ నలుగురు ఆడవాళ్ళు చేరినా ఆయన మాటే. కానీ ఆ తేనెని సీసాలోకి ఎక్కించేది నేను. అరగంట ప్రోగ్రాం కోసం రెండున్నర గంటలు మాట్లాడతాడు. ఒక వాక్యం మొదలుపెడతాడు, మధ్యలో దారి తప్పుతాడు, "అదీ... ఏంటంటే... అంటే" అని నాలుగుసార్లు దేవులాడతాడు, ఆఖరికి విసుక్కుని రెండు చేతులూ ఫట్‌మని చరుస్తాడు. ఆ పద్ధతి నేనే నేర్పాను. కంప్యూటర్ తెర మీద గొంతు గీతల మధ్య ఆ చరుపు నిటారుగా మేకులా కనపడుతుంది, తప్పెక్కడుందో వెతుక్కోనక్కర్లేదు. చరిచాక ఒక గుక్క నీళ్ళు తాగుతాడు. "మళ్ళీ" అంటాడు. అదే వాక్యం మొదటినుంచి చెబుతాడు. ప్రోగ్రాంకి నలభై చరుపులకి తక్కువుండవు.

తప్పు ముక్క తీసేసి రెండు మంచి ముక్కలు పక్కపక్కన పెడితే అయిపోయిందనుకుంటారు తెలియనివాళ్ళు. పెట్టి చూడండి! అతుకు దగ్గర టిక్‌మంటుంది. వెనకాల గది మోత ఉన్నట్టుండి మారిపోతుంది. మొదటి ముక్క తోకని, రెండో ముక్క తలని కాస్త ఒకదాని మీద ఒకటి ఎక్కించాలి, ఇది తగ్గుతుంటే అది పెరగాలి. ఎంతసేపంటే, ఒక్కోసారి రెప్పపాటులో సగం. మాట మధ్య ఎక్కిస్తే నత్తిలా వినపడుతుంది, ఊపిరి మధ్య కోస్తే మనిషి ఉక్కిరిబిక్కిరైపోతున్నట్టుంటుంది. అందుకే బావ ఊపిర్లు విడిగా దాచిపెట్టుకున్నాను. చిన్న ఊపిరి, పెద్ద ఊపిరి, జాలిపడే ముందు తీసుకునే ఊపిరి, అన్నీ ఉన్నాయి. ఖాళీ గదిని కూడా రోజూ ఒక నిమిషం రికార్డు చేస్తాను. ఏసీ మోత, ట్యూబులైటు గొణుగుడు, అంతే. రెండు మాటల మధ్య సందు పడితే దాంతో పూడుస్తాను. ఉత్త నిశ్శబ్దంతో పూడిస్తే చెవి గోతిలో పడుతుంది. ఆ నిమిషంసేపు గదిలో ఎవరూ కిక్కురుమనకూడదు. బావ ఆ ఒక్క నిమిషం కూడా నోరు మూసుకుని కూర్చోలేడు. బయటికి పంపించి తలుపేస్తాను.

ఇంకోటుంది. చేతులు చరిచాక, "మళ్ళీ" అనేలోపు ఆయన అసలు నోరు తెరుచుకుంటుంది. "ఈవిడ ఏడుపు ఎవడిక్కావాలి?", "మొద్దు వెధవలంతా ఉత్తరాలు రాసేవాళ్ళే." మధ్యమధ్యలో మా అక్క మీద కూడా. అవన్నీ నా ఒక్కదానికే వినపడేవి. కోసి పారేసి, అక్కడో ఊపిరి అతికించేదాన్ని. బయటికి తేనే కారేది.

మేనేజరు మాట విన్న సాయంత్రమే బావతో తేల్చుకుందామని అక్క వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన సోఫాలో కాళ్ళు చాపుకుని, ఆ వారం ప్రోగ్రాం రెండోసారి వేస్తుంటే వింటున్నాడు. కళ్ళు మూసుకుని, తన మాటలకి తనే తలూపుతున్నాడు.

"బావా, మేనేజరుతో ఏం చెప్పావ్? నేను మ్యూజిక్కు తగిలిస్తానా?"

"ఉష్. ఈ ముక్క విను" అన్నాడు. రేడియోలో ఆయన గొంతు: "ఇంటికి రాగానే మీ ఆవిడని కూర్చోబెట్టి, ఈరోజెలా గడిచిందని అడగండి." కళ్ళు తెరిచి నా వంక చూశాడు. "ఎక్కడైనా ఆగానా?"

"ఆ వాక్యం తొమ్మిది ముక్కలు బావా. 'కూర్చోబెట్టి' అన్న మాటైతే అంతకు ముందు వారం ఉత్తరంలోంచి తెచ్చి పెట్టాను. నువ్వు దాన్ని మూడుసార్లు మింగేశావు."

"పోవే! రెండు దగ్గులు తీసేసి ఎన్ని గొప్పలు!"

అబద్ధమాడుతున్నాడనుకున్నాను మొదట. ఓరి నాయనో, కాదు! నిజంగా నమ్మేస్తున్నాడు. పదకొండేళ్ళు వారం వారం నేను అతికించింది విని విని, అలా మాట్లాడే మనిషి తనేననుకుంటున్నాడు. అబద్ధాలకోరునైతే నిలదీయొచ్చు, ఇలాంటివాణ్ణి ఏం చేసుకోను?

అక్క కాఫీ తెచ్చింది. ఆయన ఒక గుక్క తాగి మొహం మాడ్చుకున్నాడు. "చల్లారబెట్టి తేవడానికి అరగంట పట్టిందా? చెప్పీ చెప్పీ నా నోరు పడిపోతోంది." రేడియో మాత్రం ఎవరి ఇంటి సుఖం గురించో నెమ్మదిగా చెబుతూనే ఉంది. అక్క కప్పు వెనక్కి తీసుకెళ్ళింది. ఇది కొత్తేం కాదు, నేనూ పట్టించుకోలేదు. నా గొడవ నాది.

"అసలు నీ ఉద్యోగం నేను వేయించిందే కదే" అన్నాడు నేను లేస్తుంటే. "పోతే పోనీ. ఇంకోటేదైనా చూద్దాంలే."

చెప్పుతో కొట్టినట్టయింది. "లైవ్‌లో చేతులు చరవకూడదు బావా, కోసేవాళ్ళుండరు" అని ఒక్క మాట చెబితే సరిపోయేది. గుమ్మం దగ్గర నోటిదాకా వచ్చింది కూడా. కావాలనే మింగేశాను. చెప్పులు తొడుక్కుని వచ్చేశాను.

గురువారం పదకొండింటికి లైవ్. అద్దానికి అవతల స్టూడియోలో బావ, ఇస్త్రీ చొక్కా, ముందు నీళ్ళ గ్లాసు, ఉత్తరాల కట్ట. ఇవతల నేను, నా వెనకాల చేతులు కట్టుకుని మేనేజరు. నా ముందు కొత్తగా పెట్టించిన ఎర్ర బటన్ ఒకటుంది. బావ మాట్లాడింది వెంటనే బయటికి పోదు, పది సెకన్లు ఆగి పోతుంది. ఏదైనా పొరపాటు దొర్లితే ఆ బటన్ నొక్కాలి, బయటికి పోవడానికి కాచుకుని ఉన్న ఆ పది సెకన్లూ మాయమైపోయి, ఆయన ఆ క్షణాన మాట్లాడుతున్నది నేరుగా బయటికి పోతుంది. మళ్ళీ పది సెకన్లు కూడబెట్టుకోవడానికి యంత్రానికి రెండు నిమిషాలు పడుతుంది. స్టూడియోలో మాట నా ఒక చెవికున్న హెడ్‌ఫోన్‌లోకే వస్తుంది, మా గది స్పీకర్లో బయటికి పోయేదే వినపడుతుంది.

"మీకు ఇవాళ్టికి ఇదొక్కటే పని" అన్నాడు మేనేజరు. "ఇది కూడా అవసరం పడదనుకోండి."

బావ మొదటి ఉత్తరం ఎత్తుకున్నాడు. తమ్ముడు మాట్లాడ్డం మానేశాడని ఒక అన్న రాసింది. ఒక నిమిషం, రెండు నిమిషాలు, మూడు. ఎక్కడా ఆగలేదు! కొంపదీసి ఈ మనిషి నిజంగానే చెప్పేస్తాడా? నేను పదకొండేళ్ళు చేసింది ఏమిటి మరి? వెనకాల మేనేజరు ఉత్సాహంగా కాలు ఆడిస్తున్నాడు, వాడి బూటు చప్పుడు నా వీపులో దిగుతోంది.

అప్పుడు పప్పులో కాలేశాడు బావ. "మీ తమ్ముడు... మీ తమ్ముడి... అంటే ఆ మనసులో..." అని ఆగి, రెండు చేతులూ ఫట్‌మని చరిచాడు. గ్లాసు ఎత్తి నీళ్ళు తాగాడు.

నేను ఆలోచించలేదు. చెయ్యే ఆలోచించింది. ఆయన గుక్కకి ఎంతసేపు పడుతుందో, "మళ్ళీ" తరవాత ఎంత ఊపిరి తీసుకుంటాడో నాకు కొట్టిన పిండి. బయటికి వెళ్తున్న మాట ఆ తప్పు ముందు దాకా వచ్చి ఆగే క్షణమూ, ఇక్కడ ఆయన సరైన వాక్యం ఎత్తుకునే క్షణమూ కలిసేచోట నొక్కాను. స్పీకర్లో వినపడింది: "...అన్నదమ్ములన్నాక మాటా మాటా రావడం మామూలే. మీ తమ్ముడి మనసులో కూడా ఇదే బాధ ఉండి ఉంటుంది." సన్నటి ఊపిరి కూడా దాని చోట అది పడింది. నా జన్మలో ఇంత మంచి అతుకు వెయ్యలేదు. అదీ చేత్తో, వెనక్కి వెళ్ళి సరిదిద్దుకునే వీల్లేకుండా! ఆనందంతో ఒళ్ళు ఝల్లుమంది. వెనక్కి తిరిగి చూశాను.

మేనేజరు ఫోన్ చూసుకుంటున్నాడు. నేను తిరగడం చూసి తలెత్తాడు. "చూశారా మేడమ్, ఎంత నున్నగా వెళ్తోందో! ఆ బటన్ కూడా దండగే పెట్టించాం."

అంతే. నాకు ఇంక కోపం కూడా రాలేదు. చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

రెండో ఉత్తరం ఒక రిటైరైన టీచరమ్మది. అరవై రెండేళ్ళ వయసులో కారు నడపడం నేర్చుకోవాలనుందనీ, పిల్లలు పగలబడి నవ్వుతున్నారనీ రాసింది. బావ తేనె పోసి మొదలుపెట్టాడు. "అమ్మా, నేర్చుకోవడానికి వయసు... వయసన్నది... అంటే..." ఫట్. నీళ్ళు.

"ఈ ముసల్దానికి కారొకటి తక్కువైంది" అన్నాడు, మూతి తుడుచుకుంటూ. "మా ఇంట్లోదీ అంతే. ఇరవై ఏడేళ్ళ కాపురం, చెంచాడు బుర్ర లేదు. నోరు ముయ్యమంటే మూస్తుంది, ఆ ఒక్క గుణంతో బతికిపోతోంది. మళ్ళీ."

పది సెకన్లున్నాయి నా దగ్గర. పది సెకన్లంటే నా పనిలో బోలెడు కాలం, పది అతుకులు వెయ్యొచ్చు. అక్క వంటింట్లో రేడియో పెట్టుకునే ఉంటుందని తెలుసు. తెలియక కాదు. కానీ ఆ పది సెకన్లూ నేను చూస్తున్నది అద్దంలో పడుతున్న మేనేజరు మొహాన్ని. వినరా, విను, వారంలో నాలుగు రోజులు నేనేం చేస్తున్నానో ఇప్పుడు విను.

విన్నాడు. చేతిలో ఫోన్ అలాగే ఉండిపోయింది. అవతల బావ ఆ సంగతేమీ తెలియకుండా, మొదటినుంచి ఎత్తుకుని, "అమ్మా, నేర్చుకోవడానికి వయసుతో పనేముంది?" అని కరిగిపోతున్నాడు. బయట మూడు ఫోన్లూ ఒకేసారి మొదలయ్యాయి. ఇంకో రెండు నిమిషాలకి మూడో చరుపు, ఈసారి మేనేజరు మీదే ఒక ముక్క, సబ్బుల సంగతి కూడా వచ్చింది అందులో. అప్పుడు గానీ ఆయనకి కదలిక రాలేదు. "ఆపండి, ఆపండి, పాట వెయ్యండి" అని కేకలు. పాట వేశాను, మెల్లగా పైకి తెచ్చి మరీ వేశాను. తొందరపడి పని పాడుచేసే అలవాటు నాకు లేదు.

బావ తలుపు తోసుకుని వచ్చాడు. మా మొహాలు చూశాక విషయం అర్థమైంది. "నువ్వు కొయ్యలేదా?"

"లైవ్ బావా. నాకు మ్యూజిక్కు తగిలించడమే కదా వచ్చు."

"పదకొండేళ్ళ నుంచీ నా ప్రతి ముక్కా నువ్వే కదే కోస్తున్నది! నువ్వు అతికించకపోతే నా ప్రోగ్రాం ఎక్కడుంది? ఇవాళేం మాయరోగం వచ్చింది నీకు?"

ఆ మాట మేనేజరు ముందే అన్నాడు. పాపం, ఆ వాక్యం ఒక్కటీ ఎక్కడా తడబడకుండా ఒక్క గుక్కలో వచ్చింది.

"మేడమ్" అన్నాడు మేనేజరు, చెమట తుడుచుకుంటూ, "లైవ్ మాట ఇంకెత్తను. మీ పోస్టు ఎక్కడికీ పోదు. ఆయన ప్రోగ్రాం సంగతి పైవాళ్ళు చూసుకుంటారు గానీ, మీరు మాత్రం ఉండాలి." కుర్చీ కూడా లాగి పెట్టాడు నా కోసం. కూర్చోలేదు.

అక్కడినుంచి తిన్నగా అక్క దగ్గరికి వెళ్ళాను. ఓదార్చాలనే వెళ్ళాను. అబద్ధమెందుకు, గెలిచిన సంగతి ఎవరికైనా చెప్పుకోవాలని కూడా ఉంది. బావ ఇంకా ఇంటికి రాలేదు. అక్క వంటింట్లో స్టూలు మీద కూర్చునుంది. రేడియో కట్టేసుంది. పొయ్యి మీద ఏమీ లేదు. ఏడ్చిన గుర్తులు కూడా లేవు.

"ఇవాళే అన్నారా, ఎప్పుడూ అంటారా?" అని అడిగింది.

ఆ మొహం చూస్తే అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "ఎప్పుడూ అంటాడే. వారానికి రెండు మూడు సార్లు."

"నా గురించి?"

"నీ గురించీ."

"అవన్నీ ఏం చేశావు?"

"కోసేసేదాన్ని. నీ చెవిన పడకూడదనే కదా. ఊళ్ళో నీ పరువు పోకూడదని. పదకొండేళ్ళలో ఒక్కటంటే ఒక్క అతుకు ఎవరికీ వినపడలేదక్కా." గొంతులో గర్వం నాకే వినపడింది.

"లేదు. నాకూ వినపడలేదు" అంది. "ఈయన అందరితో ఇంత బాగా మాట్లాడుతున్నాడే, నా దగ్గరికొచ్చేసరికే ఇలా ఎందుకవుతాడు, నాలోనే ఏదో ఉందనుకున్నాను. కూర్చునే తీరు మార్చుకున్నాను, మాట తీరు మార్చుకున్నాను. నవ్వడం తగ్గించాను. ఈయన ఎవరి దగ్గరైనా ఇంతేనని నీకు తెలుసు."

"అక్కా..."

"నాలుగేళ్ళ క్రితం బట్టలు సర్దుకుని మన అన్నయ్య ఇంటికి వచ్చేశాను చూడు. ఇంక ఆ ఇంటికి వెళ్ళనన్నాను. అన్నయ్య ఏం చేశాడు? రేడియో పెట్టాడు. 'ఇలా మాట్లాడే మనిషి ఇంట్లో అలా ఎలా ఉంటాడమ్మా, నీకే ఎక్కడో ఓర్పు తక్కువ' అన్నాడు. నాకు చెప్పడానికేమీ దొరకలేదు. నువ్వక్కడే ఉన్నావు కదే. నా పక్కనే కూర్చున్నావు."

ఉన్నాను. ఆ ప్రోగ్రాం నేను ముందు రోజే పూర్తి చేసింది. నాలుగో నిమిషంలో ఒక చోట గది మోత సరిగ్గా కలవక ఒక పూటంతా కుస్తీ పట్టాను. అన్నయ్య రేడియో పెట్టినప్పుడు నేను ముందుకి వంగి విన్నాను. అక్క ఏడుస్తోంది, అది కాస్త అడ్డంగా ఉందని విసుగు కూడా వచ్చింది. నేను వింటున్నది ఆ అతుకు తెలుస్తోందా లేదా అని.

తెలియలేదు. ఆ సాయంత్రమే అక్క సంచీ తీసుకుని బావ దగ్గరికి తిరిగి వెళ్ళిపోయింది. బస్టాపుదాకా నేనే దింపి వచ్చాను.